బేస్తారం ఫోటో

బేస్తారం నాడు
రెండో ఫోటో కాడికి వొచ్చేసరికి
ఫోన్ సచ్చిపోయింది.

ఇరవైమూడు మంది
తట్టలు దించి, కొంగులు సదురుకోని
ఫారంపాండు గట్టుమీద వరుసగ నిలవడ్డరు.
ఈదమ్మ అయితే బొట్టు గూడ దిద్దుకుంది.
నేను బటన్ ఒత్తుతున్న, ఒత్తుతున్న.
నల్లటి అద్దంల నా మొకం అవుపడ్డది గని
వాళ్ళెవ్వరు అవుపడలే.

పొద్దుగాల ఫోటోల ఉన్నోళ్ళు
మాపటి ఫోటోల లేకుంటే
ఆ దినం లేనట్టే లెక్క.
తవ్విన గుంత ఉన్నది.
పోసిన మట్టి ఉన్నది.
దినమే లేదు.
మేటును నేను. ఎవ్వరేమనలే.
అంటే బాగుండు.

శనారం కల్వకుర్తి వోయిన.
బస్టాండు ఎనక ఖదీర్ దుకాన్ల
అద్దాల పెట్టెల పండవెట్టిన్రు, ఇటుకపెల్లల లెక్క,
నల్లయి, తెల్లయి, ఒక్కటి గులాబీది.
"ఎంతది గావాలె మేడం?"
కొంగు ముడిల తొమ్మిది నూర్లున్నయి.
అంతది గావాలె.

ఒకదాని మీద యాభై వేలని రాసున్నది,
ధర నాలుగు నూర్ల యాభై.
ఇంకోదాని మీద పదివేలే,
ధరేమో ఎనిమిది నూర్ల ఎనభై.
తక్కువదానికి ఎక్కువ, ఎక్కువదానికి తక్కువ.
రెండూ చేతిలకు తీస్కున్న.

పద్నాలుగేండ్లు తట్ట మోసిన చెయ్యి నాది.
రేగడి, చౌడు, మొరం, ఇసుక
కండ్లు మూసుకోని జెప్తది.
యాభై వేలదాన్ని చెవి కాడ ఊపిన.
లోపల సన్నగ
ఏదో జారింది.

"ఖదీర్ భాయ్, ఇండ్ల ఇసుకున్నది."

బయట ఎవ్వరు లేరని జూసుకోని
పేచ్‌కస్ తోని దాని నోరు తెరిచిండు.
బొటనవేలంత సెల్లు ఒక్కటి.
తక్కినదంత పాలితీన్ల మూటగట్టిన ఇసుక,
ఏ వాగుదో.
నేను నవ్విన. ఆయన నవ్వలే.
"వొచ్చిన మాలే అట్ల వొచ్చింది మేడం."
మేం మోస్తే మట్టికి కొలతలు వెట్టి
ఇంచు తక్కువైతె కైకిలి కోస్తరు.
ఈడ ఇసుకకు కరెంటని పేరువెట్టి
ఎంతకంటే అంతకు అమ్ముతున్రు.

పదివేలది బరువున్నది. ఊపితె సప్పుడు లేదు.
"ఇది పదివేలూ ఇస్తదా?"
"ఆరువేలు. మంచిగుంటే ఇంకింత.
మిగిలింది తొవ్వలనే పోతది."
తొవ్వల పోవుడు మాకు కొత్తనా?
గని అమ్మేటోడే ముందుగాల జెప్పుడు కొత్త.
గందుకే అదే తీస్కున్న.

"ఎండల వెట్టకు, ఉబ్బుతది" అన్నడు.
ఎండల గాక మా పని ఏడున్నది?
నీళ్ళ క్యాను నీడల దాస్త అన్న.

డబ్బల వైరు జానెడే.
రొండిల చెక్కుకోని ఫోన్ పైకి లేపాలంటే
మూరెడన్న ఉండాలె.
మూరెడుది అరవై.
నా కాడ మిగిలింది ఇరవై.
ఇరవైకే ఇచ్చిండు,
ఇసుక ముచ్చట ఊర్ల జెప్తనని గావొచ్చు.
బిల్లు గూడ రాయమన్న.
ఎవ్వరో తిరిగిస్తరని కాదు,
కాయితం మీద ఒక్కటన్న ఉండాలె గద.

సోమారం.
ఎండకు గట్టు అదురుతున్నట్టు ఉన్నది.
ఫోన్ల ఎర్ర గీత వడంగనే వైరు వెట్టిన.
నాలుగు దీపాలు ఎలిగినయి, తెల్లజొన్న గింజలంత.
ఉస్సేనమ్మ ఒంగి జూసి
"ఇంత సబ్బుబిల్లలనా!" అన్నది.
సుట్టు తిరిగే గుండ్రం తిరిగి తిరిగి
ఫోటో ఎక్కింది.
ఇరవైమూడు మొకాలు, ఒకటి కండ్లు మూసుకున్నది.
అయినా లెక్కకొస్తది.

తట్టలు బోర్లేసి అందరు కదిలిన్రు.
ఈదమ్మ కదల్లే.
"బిడ్డా,
మరి బేస్తారానిది
ఇండ్లకెంచి ఎక్కదా?"

నేను వైరు సుట్టుతున్న.
మూరెడే ఉన్నది.